చీరాల ఆదివారాలు

6-7-1986, ఆదివారం

తెలుగు మేడంగారు రోజుకి నాలుగు వాక్యాలైనా రాయమన్నారు. ఎవరికీ చూపించనక్కర్లేదు, చెయ్యి తిరగడానికి అన్నారు. వచ్చేటప్పుడు చీరాల బస్టాండులో ఈ నోటుబుక్కు కొన్నాను.

ఇవాళ ఓపెన్ కాలేజీలో మొదటి క్లాసు. నాకు అరవై రెండేళ్ళు. నలభైమంది దాకా ఉన్నారు, అందరిలోకి నేనే పెద్ద. చివరి బెంచీలో కూర్చున్నాను.

నాలుగు అయినాయి. ఇంకొకటి కూడా రాయాలి. తెలుగు మేడం మా అమ్మాయి.

7-7

నిన్న అది రాసి పుస్తకం మూసేశాను.

హాజరు పిలుస్తూ పిలుస్తూ ఒకచోట ఆగింది. తల ఎత్తలేదు. తర్వాత "బాలస్వామి గారు" అంది. "ఉన్నానండి" అన్నాను. ఆ తర్వాతి పేరు పిలిచింది.

పదకొండేళ్ళకి విన్నాను ఆ గొంతు. కళ్ళద్దాలు వచ్చినాయి. నడక వాళ్ళమ్మదే.

మిషను బడిలో ఎనిమిదో తరగతితో మానేశాను నేను. ఈ కాలేజీలో ప్రవేశపరీక్ష రాసి పాసైతే చాలు, పాత సర్టిఫికెట్లు అడగరు. చదువు మీద ఆశ ఎప్పటినుంచో ఉంది. అందుకే చేరాను. సంతోషకుమారి అక్కడ ఆదివారాలు పాఠం చెబుతుందని విని చేరానంటే అది నిజం కాదు. గుంటూరు సెంటరు దగ్గరే గాని అక్కడ జనం ఎక్కువ.

13-7, ఆదివారం

ఉదయం ఆరున్నర బస్సుకి నిలబడ్డాను. జక్రయ్య అయ్యగారు చర్చి తలుపు తీస్తూ చూశారు. రోడ్డు దాటి వచ్చారు.

"ఏం బాలస్వామీ, పోయిన ఆదివారం కూడా రాలేదు. ఒంట్లో బాగాలేదా?"

"చీరాలలో క్లాసండి."

"క్లాసా? ఏం క్లాసు?"

"బి.ఏ. అండి."

"సంఘపెద్దవి నువ్వు. ఆదివారం దేవుడిది గదయ్యా" అన్నారు అయ్యగారు. నేను తల వంచుకున్నాను. బస్సు వచ్చింది.

పర్చూరులో మారాలి. రెండు బస్సులు.

20-7, ఆదివారం

నా పక్కన కూర్చునే అమ్మాయి పేరు కరీమున్. అమ్మాయి అంటే ముప్పై అయిదేళ్ళుంటాయి. చీరాలలోనే ఒక కాన్పుల ఆసుపత్రిలో ఆయా. నర్సు కావాలంటే చదువు కావాలన్నారట. నోరు మూత పడదు.

"బాబాయ్, నువ్వు డిగ్రీ చదివి కలెక్టరు అవుతావా?"

"లేదమ్మా."

"మరెందుకు?"

"ఊరికే."

"ఊరికే రెండు బస్సులెక్కి వచ్చేవాణ్ణి నిన్నే చూశాను" అంది. మజ్జిగన్నం సగం పెట్టింది.

3-8, ఆదివారం

మేడం ఇవాళ నావైపు చూడలేదు. చూడాల్సిన పని కూడా లేదు.

11-8

మిరపనారు బాగా లేచింది. వర్షం పడితే నాటెయ్యొచ్చు.

పక్కింటి పేరమ్మక్క వచ్చింది. మా పేటలో కోతల ముఠాకి మేస్త్రీ ఆమే. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. చూరు కింద కూర్చుని నేను చదువుకుంటుంటే చూసి నవ్వింది.

"కాటికి కాళ్ళు చాపుకుని కాలేజీ ఏందయ్యా బాలసామీ."

"ఊరికే అక్కా."

"రెబ్కా ఉంటే చీపురు తిరగేసేది."

ఉంటే తిరగేసేది మా ఆవిడ. నిజమే.

చీరాల సంగతి ఎవరో చెప్పినట్టున్నారు. అడగనే అడిగింది. "ఆ మహాతల్లి అక్కడేనంట గదా పాఠం చెప్పేది. మాట్లాడిందా?"

"లేదు."

"ఎందుకు మాట్లాడుద్ది. కన్నతల్లి చావుబతుకుల్లో ఉండి కబురు పెడితేనే రాలేదు."

తుఫానులో కబురు అందలేదు పాపం, అనబోయాను. అనలేదు.

17-8, ఆదివారం

ఇవాళ క్లాసు లేదు. రాసుకుంటాను.

డెబ్భై అయిదులో అమ్మాయి చీరాల అబ్బాయిని రిజిస్టరు పెళ్ళి చేసుకుంది. అంకారావు. మగ్గాల వాళ్ళు, హిందువులు. గుంటూరులో కలిసి చదువుకున్నారు. మా సంఘంలో అన్యుణ్ణి చేసుకుంటే చర్చి పుస్తకంలో పేరు కొట్టేస్తారు. ఆదివారం ఆరాధనలో లేచి ఆ పేరు చదువుతారు. ప్రభువు బల్లలో, రొట్టె ద్రాక్షరసం పంచేచోట, పాలు ఉండదు. పెద్దల ముగ్గురి సంతకాలు కావాలి. నేను ముగ్గురిలో ఒకణ్ణి.

అయ్యగారు అన్నారు, బాలస్వామీ, నీ బిడ్డ గదా, నువ్వు సంతకం పెట్టకపోయినా ఫర్వాలేదు, ఇంకొకరి చేత పెట్టిస్తాం అని. అందరూ నావైపు చూశారు. అంతమంది చూస్తే నాకు చెమటలు పడతాయి. పెట్టేసి కూర్చున్నాను.

రెబ్కా ఆ రాత్రి అన్నం పెట్టింది గాని నా ఎదురుగా కూర్చోలేదు. పేరు కొట్టేసినవాళ్ళ ఇంటికి పోకూడదు, కబురు పంపాలన్నా పెద్దల్ని అడగాలి. రెండేళ్ళు ఆమె అట్లాగే ఉంది. తర్వాత జబ్బు చేసింది. డెబ్భై ఏడు నవంబరు. దివిసీమ కొట్టుకుపోయిన తుఫాను. ఆ రోజుల్లోనే పోయింది. కబురు అందలేదు.

7-9

నారు పీకి నాటాం. నడుము పట్టేసింది. క్లాసుకి పోయాను.

21-9, ఆదివారం

భోజనాల వేళ కరీమున్ చెప్పింది. నేను అడగలేదు.

"ఈ మేడంకి పుట్టిల్లు లేదు బాబాయ్. రెండో కాన్పుకి మా ఆసుపత్రికే వచ్చింది. నేనే ఉన్నా దగ్గర. నొప్పులకి ఎవరైనా అమ్మా అనేగా అరిచేది? ఈమె అనదే. పళ్ళు బిగబట్టింది. ఏంటమ్మా, గట్టిగా అరువు, మేమేమీ అనుకోము అన్నా. పిలిస్తే పలికే మనిషి లేదు కరీమున్ అంది."

"వాళ్ళమ్మ..."

"తుఫానులో పోయిందంట. కబురు కూడా తెలీలేదంట. పోయేముందు నన్ను తలుచుకుందో లేదో, నా మీద కోపంతోనే పోయిందో అదీ తెలీదు అని ఏడ్చింది. అప్పుడు ఏడ్చింది, నొప్పులకి కాదు."

డబ్బా మూత పెట్టేశాను.

"తినవేం?"

"కడుపు నిండిందమ్మా."

మధ్యాహ్నం చరిత్ర పాఠం. ఏం చెప్పారో తెలీదు.

22-9

తలుచుకుంది.

12-10, ఆదివారం

మొదటి ఎసైన్‌మెంటు ఇచ్చారు. ఇంటిదగ్గర రాసి ఇస్తే మేడం దిద్ది మార్కులు వేస్తారు. ప్రశ్న పుస్తకంలో అచ్చేసి ఉంది. 'మీరు చూసిన ఒక ప్రకృతి వైపరీత్యాన్ని గురించి రెండు పేజీలకు మించకుండా వ్రాయండి.'

పక్కన కుర్రాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. కరీమున్ "తుఫానేగా, ఇంకేముంది మనకి" అంది.

1-11

రాశాను. గాలి ఎట్లా వచ్చింది, పత్తి చేలు ఎట్లా పడుకున్నాయి, పశువులు ఎట్లా పోయినాయి, అన్నీ రాశాను. ఒకటిన్నర పేజీ అయింది. సగం పేజీ మిగిలింది.

నోటితో చెప్పలేను. ఆమె ఎదురుగా నిలబడితే నాకు మాట రాదు. కాగితం అయితే ఆమె చదవక తప్పదు, దిద్దాలి గదా. మిగిలిన సగంలో ఇట్లా రాశాను. 'ఆ తుఫాను రోజులలోనే నా భార్య చనిపోయినది. కబురు పంపుటకు వీలు పడలేదు. చివర్లో ఆమె తన కూతురు ఏదని అడిగినది.'

అంతే రాశాను. చాలు. ఆమెకి కావాల్సింది అదే.

2-11, ఆదివారం

బల్లమీద పెట్టి వచ్చాను.

17-11

ఇవాళ్టికి రెబ్కా పోయి తొమ్మిదేళ్ళు.

19-11

తుఫాను వచ్చిన రోజు. చర్చిలో ప్రార్థన పెట్టారు. పోయినవాళ్ళ ఊళ్ళ పేర్లు అయ్యగారు చదివారు. నేను పోయాను.

30-11, ఆదివారం

పేపర్లు ఇచ్చారు. నా పేపరు మడిచి ఇచ్చింది. బస్సులో విప్పాను.

ఇరవైకి తొమ్మిది. తుఫాను గురించి రాసినదాంట్లో పదకొండు తప్పులు ఎర్ర సిరాతో దిద్దింది. చివరి మూడు వాక్యాల పక్కన నిలువుగీత గీసి, 'అడిగిన ప్రశ్నకు సంబంధం లేదు' అని రాసింది.

కరీమున్‌కి పదమూడు వచ్చినాయి. "నీకెంత బాబాయ్?" అంటే చూపించలేదు.

ఇంటికొచ్చి దీపం దగ్గర మళ్ళీ చూశాను. 'అడిగినది' కింద చిన్న గీత ఉంది. దాని పక్కన ఇంకా చిన్న అక్షరాలు. బస్సులో కనపడలేదు.

'ఎప్పుడు?'

1-12

తుఫాను రోజులని రాశాను గదా. ఎప్పుడని అడగడం దేనికి.

3-12

కబురు పంపడం కొంచెం ఆలస్యమైంది. అదీ జరిగింది.

7-12, ఆదివారం

పోలేదు. చేనుకి మందు కొట్టించాను.

14-12, ఆదివారం

పోలేదు. చర్చికి పోయాను. అయ్యగారు సంతోషించారు. "తప్పిపోయినవాడు దొరికాడు" అన్నారు అందరిముందు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

25-12

పండుగ.

4-1-1987, ఆదివారం

క్లాసుకి పోయాను. "బాలస్వామి గారు." "ఉన్నానండి." ఎందుకు రాలేదని అడగలేదు.

రెండో ఎసైన్‌మెంటు ఇవ్వనివాళ్ళు ఇద్దరున్నారని, ఈ నెలాఖరు లోపల ఇవ్వాలని చెప్పింది. బోర్డు చూస్తూ చెప్పింది. ఆ ఇద్దరిలో ఒకణ్ణి నేను.

15-1

మొదటి కోత. కల్లం నిండా ఎర్రగా పోశాం. పేరమ్మక్క ముఠా పదిమంది. చేతులు మండుతున్నాయి, కలం పట్టుకుంటే ఇంకా మండుతున్నాయి.

పేరమ్మక్క తాలుకాయలు ఏరుతూ కొత్త కోడలికి చెబుతోంది. "చేతులకి నూనె రాసుకో. మా రెబ్కా అట్లాగే రాసుకునేది. పైకి ఎరుపుగానే ఉండిద్ది పిల్లా, తిప్పి చూడు, అడుగున తెల్లమచ్చ ఉండిద్ది. దాన్ని కలిపావంటే బస్తా మొత్తం పోద్ది."

నేను లేచి ఇంట్లోకి వచ్చాను.

24-1

రేపు ఇవ్వాలి. ప్రశ్న ఏదో సామెతల గురించి. దానికి జవాబు రాయలేదు. పైన నెంబరు వేసి ఆ రెండో ప్రశ్నకి జవాబు రాశాను, ఆమె మార్జినులో అడిగినదానికి. రాసింది ఇక్కడ కూడా ఎక్కిస్తున్నాను. ఒక్కచోటే ఉంటే మళ్ళీ మార్చేస్తానని భయం.

'14-11-77 సోమవారం అడిగింది. 15 మంగళవారం అడిగింది. 16 బుధవారం అడిగింది. 17 గురువారం తెల్లవారుజామున చనిపోయింది. 18న సమాధి చేశాం. తుఫాను 19 శనివారం వచ్చింది. సోమ, మంగళ, బుధవారాల్లో బస్సులు తిరిగాయి. తపాలా తిరిగింది.

కబురు పంపలేదు. ఆలస్యం కాలేదు, అందకపోవడం కాలేదు, పంపలేదు.

పేరు కొట్టేసినవాళ్ళకి కబురు పంపాలంటే పెద్దల్ని అడగాలి. మంగళవారం సాయంత్రం జక్రయ్య అయ్యగారింటికి పోయాను. ఇంకో ఇద్దరు పెద్దలు ఉన్నారు. ఏం పనయ్యా అని అడిగారు. నాకు నోరు రాలేదు. గంట తాడు తెగేట్టు ఉంది, మార్చాలి అని చెప్పి వచ్చాను. బుధవారం పోలేదు.

చనిపోయాక అందరూ బిడ్డ ఏదని అడిగారు. కబురు పంపాను, రాలేదు అని చెప్పాను. తర్వాత తుఫాను వచ్చింది. పది రోజులకి నీకు కార్డు రాశాను. తుఫాను వల్ల అని రాశాను. ఏ రోజు పోయిందో రాయలేదు. కావాలనే రాయలేదు.'

సంతకం పెట్టాను. పరీక్ష పేపరు మీద సంతకం పెట్టకూడదట, పెట్టాక గుర్తొచ్చింది. ఉండనిచ్చాను.

25-1, ఆదివారం

ఇచ్చాను. తొందరగా వచ్చేశాను.

1-2, ఆదివారం

మేడం రాలేదు. పిల్లాడికి జ్వరమని చెప్పారు.

8-2, ఆదివారం

పేపర్లు ఇచ్చింది. నాది ఇవ్వలేదు. క్లాసు అయ్యాక, "బాలస్వామి గారూ, మీరు ఉండండి" అంది.

కరీమున్ వెనక్కి వెనక్కి చూసుకుంటూ పోయింది. అందరూ పోయారు. వరండా మెట్లమీద కూర్చోమంది. తను రెండు మెట్లు పైన కూర్చుంది. నా పేపరు ఒళ్ళో ఉంది.

"సోమవారం ఎన్నింటికి అడిగింది?"

"మధ్యాహ్నం. గంజి తాగాక."

"ఏమని?"

"కుమారి ఏదయ్యా అని."

"మీరేం చెప్పారు?"

"రేపొస్తుందని."

"మంగళవారం?"

"రేపొస్తుందని."

బుధవారం సంగతి అడగలేదు. పేపరు వంక చూస్తూ కూర్చుంది.

"నమ్మిందా?"

"నమ్మింది. మంగళవారం పొద్దున్నే పేరమ్మక్కని పిలిపించి తల దువ్వించుకుంది. నూనె పెట్టించుకుని జడ వేయించుకుంది. పిల్ల వచ్చి ఇట్లా చూస్తే బెంగపెట్టుకుంటది అంది. బుధవారం మళ్ళీ దువ్వించుకుంది."

"జడా? అమ్మ ఎప్పుడూ ముడే గదా వేసుకునేది."

"పడుకుంటే ముడి ఒత్తుకుంటదని. జడే."

"బుధవారం కూడా."

"బుధవారం కూడా. గురువారం పొద్దున నువ్వు... మీరు వస్తారని..." గురువారం కూడా పేరమ్మక్కే దువ్వింది, పెట్టెలో పెట్టేముందు. అది చెప్పలేకపోయాను. ఆమెకి తెలిసినట్టుంది. కళ్ళద్దాలు తీసి చీరకొంగుతో తుడిచింది, చాలాసేపు తుడిచింది.

"గంట తాడు" అంది. నవ్వబోయింది. నవ్వు రాలేదు.

మళ్ళీ అడిగింది. "ఆ డిసెంబరులో నేను మన ఊరు వచ్చాను. మీరు పొలంలో ఉన్నారు. పేరమ్మ పెద్దమ్మ నన్ను చూసి తలుపేసుకుంది. మంచినీళ్ళడిగితే ఇవ్వలేదు. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. పేరు కొట్టేసినందుకు గాబోలు అనుకున్నాను ఇన్నేళ్ళూ. సమాధి దగ్గర మట్టి చూసుకుని ఒక్కదాన్నే వెనక్కి వచ్చాను. ఊళ్ళో ఏమనుకుంటున్నారు నన్ను?"

"తల్లి పిలిచినా రాలేదని."

"ఇప్పటికీనా?"

"ఇప్పటికీ."

"మీరు విన్నారా వాళ్ళు అంటుంటే?"

"విన్నాను."

"విని?"

నేను మెట్టు మీద గీతలు చూస్తున్నాను.

"క్షమించమని రాయలేదు మీరు" అంది.

"రాయలేదండి."

"మంచిది. రాసుంటే కొట్టేసేదాన్ని."

లేచింది. పేపరు మడిచి సంచిలో పెట్టుకుంది. "ఇది నా దగ్గరే ఉంటుంది. మార్కులు వేయలేను దీనికి. మీ బస్సు పోతుంది, వెళ్ళండి" అంది. రోడ్డు మీద అంకారావు సైకిలుతో నిలబడి ఉన్నాడు. నన్ను చూసి చెయ్యి ఎత్తబోయి ఆమె మొహం చూసి దించేశాడు.

పర్చూరులో బస్సు తప్పిపోయింది. ప్రత్తిపాడు దాకా లారీలో వచ్చాను.

9-2

తొమ్మిదేళ్ళుగా రెబ్కా మంచం మీద జడ వేసుకుని ఉంది నా కళ్ళముందు. ఇవాళ రాత్రి కూడా ఉంటుంది.

15-2, ఆదివారం

వేరే మేడం వచ్చారు. తెలుగు ఇకనుంచి నేనే చెబుతాను అన్నారు. ఎందుకని ఎవరో అడిగితే, ఆవిడ వీలు కాదని చెప్పుకున్నారట అన్నారు.

కరీమున్ నావైపు తిరిగింది. "ఏం చేశావ్ బాబాయ్?"

చెప్పాను. మొత్తం చెప్పాను. చిన్నగొంతుతో, చరిత్ర పాఠం జరుగుతుండగా. ఎట్లా చెప్పానో తెలీదు. మధ్యాహ్నం కరీమున్ డబ్బా తెరవలేదు. పోయేటప్పుడు అంది, "ఆమెకి చెప్పావు సరే. ఊరికి చెప్పావా?"

22-2, ఆదివారం

చీరాల పోలేదు. చర్చికీ పోలేదు. కల్లంలో కూర్చున్నాను.

1-3, ఆదివారం

చర్చికి పోయాను. మొదటి ఆదివారం, ప్రభువు బల్ల. బల్లకి ముందు అయ్యగారు ఎవరైనా సాక్ష్యం చెబుతారా అని అడుగుతారు. ఎద్దు బతికిందని ఒకరు, బిడ్డకి ఉద్యోగమొచ్చిందని ఒకరు లేస్తారు. నలభై ఏళ్ళలో నేనెప్పుడూ లేవలేదు.

లేచాను. అయ్యగారికి అర్థం కాక "కిటికీ వెయ్యాలా?" అన్నారు. లేదన్నాను.

ఎదురుగా బెంచీ చెక్క పట్టుకున్నాను. ఏం చెప్పాలో కాగితం మీద రాసుకున్నాను గాని జేబులోనుంచి తీయలేదు.

"రెబ్కా పోయేముందు మూడు రోజులు అమ్మాయి ఏదని అడిగింది. నేను కబురు పంపలేదు. పంపానని మీకందరికీ చెప్పాను. అబద్ధం. అమ్మాయికి తెలీదు. తెలిస్తే వచ్చేది. పిలిచినా రాలేదని ఎవరూ అనుకోవద్దు. పిలవలేదు."

అంతే. కూర్చున్నాను. అంత చిన్నదానికి తొమ్మిదేళ్ళు పట్టింది.

స్త్రీల వైపునుంచి చిన్నపిల్ల ఏడిస్తే ఎవరో నోరు మూశారు. అయ్యగారు పీఠం దిగి నా దగ్గరకి వచ్చారు. ముసలివారైపోయారు, నడవడానికి చెయ్యి ఊతం కావాలి. నా భుజం పట్టుకున్నారు.

"ఆ రోజు గంట తాడు అన్నావే."

"అవునండి."

"అడిగుంటే పంపించమనేవాణ్ణి గదయ్యా బాలస్వామీ. చావుబతుకుల్లో ఉన్న తల్లికి ఎవడు కాదంటాడు? సైకిలిచ్చి మనిషిని పంపేవాణ్ణి."

అది నేను ఎప్పుడూ అనుకోలేదు. కాదంటారనే అనుకున్నాను. ఇన్నేళ్ళూ ఆయన కాదన్నట్టే అనుకున్నాను.

బల్ల నేను తీసుకోలేదు. బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాను. లోపల పాట పాడారు.

అదే రోజు, సాయంత్రం

పేరమ్మక్క వచ్చింది. గుమ్మం దగ్గర నిలబడింది, లోపలికి రాలేదు.

"మూడుసార్లు దువ్వాను నేను ఆ తల."

"అవునక్కా."

"దువ్వేటప్పుడల్లా, ఇదిగో వస్తది నీ బిడ్డ, వస్తది అన్నాను. నువ్వు చెప్పావు గదా అని. రాలేదని ఆ పిల్లని ఎన్ని మాటలన్నాను. మోకాళ్ళేసి దేవుడికి కూడా చెప్పాను దానిమీద. మంచినీళ్ళు అడిగితే తలుపేశాను. నువ్వు తిట్టించావు గదరా నా చేత."

ఎప్పుడూ నన్ను ఒరే అనలేదు ఆమె.

"ఆ పిల్ల ఇల్లెక్కడ?"

"తెలీదు."

"ఎనిమిది నెలలు తిరిగావు. ఇల్లు తెలీదా?"

"ఎప్పుడూ చెప్పలేదు. నేను అడగలేదు." కాన్పుల ఆసుపత్రిలో కరీమున్ అని ఉంటుంది, ఆమె తీసుకుపోతుందని చెప్పాను.

"బస్సు ఎన్నింటికి?"

"ఆరున్నరకి. పర్చూరులో మారాలి."

ఇప్పుడు రెండో కోత నడుస్తోంది. ముఠా మేస్త్రీ లేకపోతే పదిమంది పని ఆగిపోతుంది. ఆ మాట అనలేదు. ఆమె నన్ను రమ్మనలేదు. నేనూ వస్తానని అడగలేదు.

2-3

పొద్దున బస్సు దగ్గర దూరంగా నిలబడి చూశాను. తెల్లచీర కట్టుకుంది, పండుగలకి కట్టేది. చేతిలో కొత్తకారం డబ్బా.

5-3

పేరమ్మక్క మధ్యాహ్నం దిగింది. మూడు రోజులుంది అక్కడ. సాయంత్రం దాకా ఆగి పోయాను. కాయలు రాశి పోస్తోంది. నేనూ పక్కన కూర్చుని ఏరాను.

తనే చెప్పింది.

"గుమ్మంలో కాళ్ళు పట్టుకోబోతే పట్టుకోనివ్వలేదు. పెద్దమ్మా అని మీద పడి ఏడ్చింది. ఇద్దరు పిల్లలు. పెద్దది అచ్చం రెబ్కా. ఆ అబ్బాయి మంచోడు, మగ్గం దిగి వచ్చి చాప పరిచాడు. మూడు పూటలా అన్నం పెట్టి దగ్గర కూర్చుంది. జడ సంగతి రెండుసార్లు చెప్పించుకుంది. మళ్ళీ బస్సెక్కేటప్పుడు ఇంకోసారి చెప్పమంది. రెబ్కా ఏమేం మాట్లాడిందో అన్నీ అడిగింది. దగ్గు వచ్చిందా, నీళ్ళు తాగిందా, దుప్పటి ఏది కప్పావు, అన్నీ."

నేను ఏరుతున్నాను. నాలుగు కాయలు తిప్పి చూశాను.

"నా సంగతి?"

పేరమ్మక్క చాట దులిపింది.

"అడగలేదు."

పేరమ్మక్క అబద్ధం చెప్పదు.